వణకడం మానేసిన అంకె

ముందే ఒప్పేసుకుంటాను, ఆ వెధవ పని చేసింది నేనే. స్వెట్టరు మావయ్యని ఆటపట్టిద్దామని చేశాను.

ఆయన పరమాణువులోని సూక్ష్మ కణాలను పరుగెత్తించే ఓ పెద్ద యంత్రానికి కంట్రోల్ రూం ఆపరేటరు. ఆ యంత్రంలోని అయస్కాంతాలు ద్రవ హీలియంలో మునిగి ఉంటాయి. ఆ చలి ముందు మన ఐసుముక్క కాలిన పెనంతో సమానం. ఇరవై రెండేళ్లుగా ఆ చలికి కాపలా కాస్తున్న మనిషి, గదిలో ఏసీకి మాత్రం తట్టుకోలేడు. మోచేతుల దగ్గర చిల్లులు పడ్డ స్వెట్టరు తొడుక్కుని కూర్చుంటాడు. "ఇంట్లో ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడట్లేదు మొర్రో అంటే వినిపించుకోడు, అక్కడ మాత్రం మహారాజు" అని అత్తయ్య దెప్పుతుంటుంది.

ఆయన చూపంతా తెర మీది ఉష్ణోగ్రత మీదే. అసలైన కొలతలో చివరి అంకె ఒకచోట నిలవదు, సన్నగా వణుకుతూనే ఉంటుంది. దాన్ని బట్టే హీలియం వాల్వు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది.

అక్కడే నేను ఆయన దగ్గర ట్రైనీని. ప్రోగ్రాంలో వేలు పెట్టడం మాత్రం నాకు నేనే నేర్చుకున్న విద్య. ఆ ఉదయం కొలతని పక్కకి తప్పించి, ఎప్పుడూ ఉండాల్సిన 4.50 కెల్విన్లే చేత్తో పెట్టాను. కాసేపాగి దాన్ని తొమ్మిది చేస్తే, అయస్కాంతాలు వేడెక్కాయనుకుని మావయ్య కుర్చీలోంచి ఎగిరి పడతాడని నా సరదా. ఈలోగా టీకి పోయాను. కబుర్లలో పడి మర్చేపోయాను.

అప్పుడే కాలేజీ పిల్లలు యంత్రం చూడ్డానికొచ్చారు. మావయ్య ఛాతీ విరుచుకుని మొదలెట్టాడు. "ఇన్నేళ్లలో నా కన్నుగప్పి ఒక్క పాయింటు జారలేదమ్మా. అంకె వణుకుతోందంటే బతికున్నట్టు."

నలభై నిమిషాలు గడిచాక ఒకమ్మాయి అడిగింది. "మరి ఇది వణకట్లేదేంటంకుల్?"

కదలని అంకెని నమ్మి వాల్వూ కదల్లేదు, లోపల అయస్కాంతాలు వేడెక్కుతూ పోయాయి. మావయ్య తిరిగి చూసేసరికే బయట గొట్టాల్లోంచి హీలియం హోరుమని తన్నుకొచ్చింది. యంత్రం ఆగిపోయింది. పిల్లలు చెవులు మూసుకున్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆ కొలత పేజీ తెరిచాడు. చేత్తో పెట్టిన గుర్తు కనిపించింది. అప్పుడే టీ తాగి వస్తున్న నా వంక ఒక్కసారి చూశాడు, అంతే.

మళ్లీ చల్లబరచడానికి మూడు రోజులు. ఆ రోజు ఇంటికెళ్తే "ముఖం అలా ఉందేం?" అని అత్తయ్య అడిగిందట. "చలేసింది" అన్నాడట.

మర్నాడు మీటింగులో, యంత్రం కోసం నెలలుగా ఎదురుచూసిన పరిశోధకుల ముందు ఆయన లేచి నిలబడ్డాడు. "చూసుకోలేదు. తప్పు నాదే" అని బయటికొచ్చేశాడు. నేను తల వంచుకుని బల్ల గీతలు లెక్కపెట్టి, ఆ తర్వాత ఆయన వెనకాలే పరుగెత్తాను.

"మావయ్యా, నా పేరు చెప్పేయాల్సింది. మీకెందుకీ తలవంపులు?"

"నీ పేరు నేను చెప్పాలా? నీ నోరేమైంది?" అన్నాడు మావయ్య. "దాని ముందే నిలబడి పిల్లలకి కోతలు కోసింది నేను. ఆ సిగ్గు నాది, దాని జోలికి రాకు. నీ సిగ్గు నువ్వు మొయ్యి. పో, వాళ్లింకా లోపలే ఉన్నారు."