చెమట పట్టిన ఇనుము

మలేషియాలో, ఇపో ఊళ్లోని పాతసామాన్ల దుకాణంలో కిరోసిన్ వాసన తగలగానే, తెలుక్ ఇంటాన్ ఊరి దగ్గరి ఎస్టేటు తోటలో మా వంటిల్లు గుర్తొచ్చింది. నాన్న అమెరికా సైన్యం వాడిన హెల్మెట్లు, తూటాల పెట్టెలు సేకరించేవాడు. ఒకసారి తొమ్మిది సెంటీమీటర్ల పొడవున్న చేతిబాంబు తెచ్చాడు.

“లోపల మందు లేదు లా, ఉత్త డొల్ల,” అన్నాడు మలయ్ ‘లా’ తగిలించి.

“ఇనుప అనాసపండు తెచ్చినాడు, కోసి పెట్టమంటాడేటో!” అంటూ అమ్మ దాన్ని ఆవకాయ జాడీ మూతమీద బరువుగా పెట్టింది.

ఒక మధ్యాహ్నం బాంబుమీద జిడ్డు చుక్కలు కనిపించాయి. ఉక్కపోస్తోందేమోనని విసనకర్రతో విసిరాను.

“నాన్నా, దీనికి సెమట పట్టింది.”

నాన్న వంగి చూసి గొంతు తగ్గించాడు. “ముట్టుకోకు. అమ్మతో మెల్లగా బయటికి నడు.”

లోపలి మందు బయటికి కారుతోందని నాకప్పుడు తెలియదు. సాయంత్రం పోలీసులు దాన్ని పెరట్లోనే పేల్చారు.

పోయినవి: బొప్పాయి చెట్టు, కిటికీ అద్దాలు, పోలీసులు పట్టుకెళ్లిన నాన్న సేకరణ మొత్తం. మనుషులం ముగ్గురమూ మిగిలాం.