రాయి తెలియని కుక్కలు

నర్సు ఉద్యోగంలో చేరిన మొదటి వానాకాలం, భద్రాచలం అవతల అడవిలోని ఒక ఊళ్లో నాలుగు రోజులు ఇరుక్కుపోయాను. రెండువేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్లయి ఉంటుంది. పిల్లలకు టీకాలు వేసి తిరిగి బయల్దేరేసరికి దారిలో వాగు పొంగింది. ఊరి చివర ఒంటరిగా ఉండే ఒక అవ్వ నన్ను తన ఇంట్లో ఉంచుకుంది. ఫోన్ సిగ్నల్ లేదు. కొత్తగూడెంలో ఉన్న అమ్మకు కబురు పంపే దారి లేదు.

మర్నాడు పొద్దున అరుగు దిగాను. వాకిట్లో పడుకున్న మూడు కుక్కలు లేచి నిలబడ్డాయి. ఒక్కటీ మొరగలేదు. నేను పుట్టి పెరిగింది బొగ్గుగని క్వార్టర్లలో. అక్కడి కుక్కలు గొంతు చించుకుని అరుస్తాయి గానీ, రాయి కోసం వంగినట్టు నటిస్తే చాలు, పక్క లైను దాకా పరుగే. ఆ ధైర్యంతోనే వంగాను. అవి పారిపోలేదు సరికదా, మూడూ నా చేతి దగ్గరికి మూతులు తెచ్చాయి. వెనక్కి వెనక్కి నడిచి అరుగెక్కాను. మా ఇంటి నుంచి బస్సులో మూడు గంటల దూరమే, అయినా పరాయి దేశంలో దిగినట్టనిపించింది.

“మా కుక్కలకు రాయి తెల్వదు నర్సమ్మా,” అంది అవ్వ. “మనిషి వంగితే అడవిల ఏదో జంతువు అడుగు దొరికిందనుకుంటయ్. వాసన చూద్దామని వస్తయ్.”

అర్థమైనా భయం పోలేదు. బయటికి వెళ్లాలంటే అవ్వను పిలవాల్సిందే. ఇరవై మూడేళ్లదాన్ని, చిన్నపిల్లలా ఆమె కొంగు పట్టుకుని వెళ్లేదాన్ని. ఆ సిగ్గుతో నీళ్లు తాగడమే తగ్గించాను. ప్రార్థనకు కళ్లు మూసుకుంటే అరుగు కింద వాటి ఊపిరే వినపడేది.

మూడో రోజు పొలానికి వెళ్లిన అవ్వ సాయంత్రం దాకా రాలేదు. పొద్దంతా కడుపు బిగబట్టుకుని అరుగు మీదే కూర్చున్నాను. ఆమె వచ్చేసరికి ఏడుస్తున్నాను. ముందు నన్ను బయటికి తీసుకెళ్లి తెచ్చింది. తర్వాత మట్టి అంటిన తన అరచేతులతో నా రెండు చేతులూ మోచేతుల దాకా రుద్దింది.

“ఇగ దిగు. చేతులు కిందికి ఇడ్వు. ఉరుకకు.”

దిగాను. కుక్కలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి, నా వేళ్లు వాసన చూసి, వెళ్లి పడుకున్నాయి. అంతే. ఎవరి తోడూ లేకుండా, ఆగకుండా వాగు దాకా నడిచాను. నీళ్లు ఎర్రగా, చెట్ల మొదళ్లను ముంచి పారుతూనే ఉన్నాయి. అవతలి గట్టు మీద రోడ్డు కనబడుతోంది. కాసేపు చూసి, మళ్లీ ఆ అరుగు మీదికే వచ్చి కూర్చున్నాను. మర్నాడు మధ్యాహ్నానికి గానీ వాగు మోకాళ్ల లోతుకు తగ్గలేదు. అవ్వ చెయ్యి పట్టి దాటించింది.