మూడో పెట్టె, బావగారి పేరు

బూరుల్ ఇన్నేళ్ళుగా తేనె అమ్ముతోంది గానీ తేనె అన్న మాట ఆమె నోట ఎవరూ వినలేదు. ఆమె భర్త అన్నగారి పేరు బాల్బాయ్. మా భాషలో బాల్ అంటే తేనె. కోడలిగా వచ్చిన మనిషి మెట్టినింటి పెద్దల పేర్లు పలకకూడదు, ఆ పేర్లను తలపించే మాటలూ పలకకూడదు. ఈ రోజుల్లో ఎవరు పాటిస్తున్నారు గనక, మా వీధి కోడళ్ళు మామగార్లను పేరు పెట్టే ఫోనులో దాచుకుంటున్నారు. బూరుల్ మాత్రం ముప్పై ఆరేళ్ళుగా తేనెను 'పూల నెయ్యి' అంటోంది. కనుమదారి పక్కన సీసాలు పేర్చుకుని కూర్చుంటే లారీ డ్రైవర్లు ఆగి కావాలనే కదిలిస్తారు.

"ఏముందక్కా సీసాలో?"

"పూల నెయ్యి."

"నెయ్యి మాకొద్దు. తేనె లేదా?"

"దేవుడు కళ్ళిచ్చాడుగా. చూసుకుని పట్టుకెళ్ళు."

పిరికిది కాదు. పిల్లల బడిలో పాతికేళ్ళు వంట చేసింది. పెద్ద పెద్ద గంగాళాలు ఒంటి చేత్తో దించేది. మందలో పడ్డ తోడేలును మండుతున్న కట్టెతో తరిమిందని చెబుతారు, నేను చూడలేదు గానీ నమ్ముతాను. ఆమెకు లోకంలో ఒక్కటే భయం. దాని పేరు కూడా పలకదు. అది ఏ బావగారి పేరూ కాదు. తేనెటీగల పిల్లలకొచ్చే కుళ్ళు. మేం పిల్లకుళ్ళు అంటాం, ఆమె 'అది' అంటుంది.

కారణం వాళ్ళ నాన్న. ఆయన సామూహిక వ్యవసాయ క్షేత్రంలో తేనెటీగలు చూసేవాడు, నలభై పెట్టెలు ఆయన చేతి కింద ఉండేవి. ఒక వసంతంలో ఒక పెట్టెలో అది కనిపించింది. తగ్గుతుందేమో అనుకుని పది రోజులు ఎవరికీ చెప్పలేదు. పది రోజుల్లో అది నలభైకీ పాకింది, వాగవతలి ఊరి పెట్టెలకూ పాకింది. గొయ్యి తవ్వి పెట్రోలు పోసి అన్నీ తగలబెట్టారు. అప్పుడు బూరుల్‌కు తొమ్మిదేళ్ళు. కాలిన మైనం వాసన మూడు రోజులు వాళ్ళ దుప్పట్లలో ఉండిపోయింది. ఆ తర్వాత వీధిలో నాన్నకు సలాం చెప్పేవాళ్ళు లేరు. ఆయనా చచ్చేదాకా తేనె నాలుక మీద పెట్టలేదు, ఆ జబ్బు మాట ఎత్తలేదు.

అటువంటి ఇంటి పిల్ల మళ్ళీ ఈగల జోలికెందుకు పోయింది అంటే, చెప్పలేను. భయమున్న చోటికే చెయ్యి పోతుంది కొందరికి. పెరట్లో ఆరు పెట్టెలు పెట్టుకుంది.

ఈ వసంతం బాగానే మొదలైంది. మార్చి చివర పెట్టెలను నేలమాళిగలోంచి పైకి తెచ్చారు. మొదటిసారి ఎగిరినప్పుడు మిగిలిన మంచు మీద పసుపు చుక్కలు పడ్డాయి, చిన్నవి, గట్టివి. గోధుమ రంగు చారలు లేవు, కడుపులు బాగున్నాయన్నమాట. అడుగున రాలిన చచ్చిన ఈగలను గీకి తీసింది, మూత కింద పరిచే ఉన్ని ఫెల్టు చెమ్మగిల్లితే మార్చింది, పంచదార పాకం పెట్టింది. ఆరింటిలోనూ మూడో పెట్టె మెడలు వంచేంత బలంగా ఉంది. పక్క పెరట్లో బాల్బాయ్‌కూ అయిదు పెట్టెలున్నాయి, వాటిలో ఒకటి నీరసించింది. కంచె మీద మోచేతులాన్చి అడిగాడు.

"అమ్మాయ్, నీ మూడోది ఊరేగుతోందే. పిల్లలున్న ఫ్రేము ఒకటి ఇవ్వు. నా ముసలిదాన్ని నిలబెడతాను."

"మీకు కాకపోతే ఎవరికి బావగారూ. ఎండ ముదరనీయండి, నేనే తీసిస్తాను."

మాట ఇచ్చేసింది. తర్వాతి మంగళవారం మూడో పెట్టె తెరిచి, మైనపు గదుల చట్రాల్లో నడి ఫ్రేము ఎత్తి వెలుగుకు పట్టి చూసింది. పిల్లల గదుల మీది మైనం మూతలు ఉబ్బెత్తుగా ఉండాలి. నాలుగు మూతలు లోపలికి కుంగి, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. ఒకదానికి సూదిబెజ్జమంత కన్నం. ముక్కు దగ్గర పెట్టుకుంటే వడ్రంగి కాచే జిగురు వాసన. బూరుల్ ఫ్రేమును ఎలా తీసిందో అలాగే దించి, మూత పెట్టి, పెరటి మట్టిలో కూర్చుండిపోయింది.

ఆ పెట్టె నిరుడు శరదృతువులో ఆదివారం సంతలో ఖాళీగా కొన్నది. ఈగల పని మానేస్తున్నానని ఎవరో అమ్మేశాడు. పాత పెట్టె కొంటే లోపల మంట పట్టి చెక్క నల్లబడేదాకా కాల్చాలని నాన్న నేర్పాడు. ఆ రోజు మంటగొట్టంలో పెట్రోలు అయిపోయింది. వేడి నీళ్ళతో కడిగి, చాల్లే అనుకుంది.

అగ్గిపుల్ల పెట్టి చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. కుంగిన గదిలో పుల్ల గుచ్చి తిప్పి లాగాలి. దారం సాగితే అదే, సాగకపోతే కాదు. ఇది ఆమెకు తెలుసు. తెలిసే పుల్ల పెట్టలేదు. పెట్టకపోతే ఇంకా కాదేమో అన్న ఆశ ఒకటుంటుంది కదా, దాన్ని పట్టుకుని వేలాడింది. పెట్టె ద్వారాన్ని ఒక్క ఈగ పట్టేంత ఇరుకు చేసింది. చేతులు సోడాతో కడిగి, మళ్ళీ కడిగి, చర్మం పగిలేదాకా కడిగింది. ఆ ద్వారంలోంచి వెళ్ళే ప్రతి ఈగనూ చూస్తూ, ఇది ఎవరింటి పువ్వు మీద వాలుతుందో, ఎవరి పెట్టెలోకి దూరుతుందో అని భయపడుతూ కూర్చుంది. భర్త గొర్రెలు ఈనే రోజులని కొండపాదం దగ్గరున్నాడు. ఫోను చేసి, "ఈగలెలా ఉన్నాయి?" అన్నాడు. "ఉన్నాయి," అంది.

నాలుగు రోజులు గడిచాయి. నాన్న పది రోజులు దాచాడు, నేను నాలుగే కదా అనుకుంది. అలా అనుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది.

శనివారం ఎండ కాసింది. వంటింట్లో రొట్టె పిండి కలుపుతూ కిటికీలోంచి చూసింది. బాల్బాయ్ ముఖానికి వల కట్టుకుని, పొగడబ్బా పట్టుకుని ఆమె పెరట్లో ఉన్నాడు. మాట ఇచ్చిన మరదలికి శ్రమ ఎందుకనుకున్నాడు కాబోలు, మూడో పెట్టె తనే తెరిచి, నడి ఫ్రేము తీసి, ఈగలను విదిలించి, కంచె సందులోంచి తన పెరట్లోకి నడుస్తున్నాడు. ఆయన చూపు ఎప్పుడో మందగించింది. కుంగిన మూతలు ఆయనకు కనబడవు.

పిండి చేతులతోనే పరుగెత్తింది.

"బావగారూ!"

ఆయన కుడి చెవిని ట్రాక్టరు రొద ఎప్పుడో తినేసింది. రెండో చెవికి వల అడ్డం. వెనక్కి చూడకుండా చెయ్యి ఊపాడు.

"టీ తర్వాత తాగుతాలే అమ్మాయ్."

"బావగారూ, ఆగండి! అది వద్దు!"

మళ్ళీ చెయ్యి ఊపాడు. మొహమాటానికి పిలుస్తోందనుకుంటున్నాడు. ముసలి పెట్టె మూత ముందే తీసి ఉంది. పెట్టె ముందు నిలబడి ఫ్రేమును రెండు చేతులతో పైకెత్తాడు. ఇంకో జానెడు కిందికి దింపితే చాలు, ఆ పెట్టే, పక్కవీ, ఆ పక్కవీ పోయినట్టే. కాలిన మైనం వాసన నిజంగానే ముక్కుకు కొట్టినట్టయింది బూరుల్‌కు. బావగారూ అన్న మాటకు ఆ మనిషి ఆగడు. ఆగే మాట ఒక్కటే ఉంది.

"బాల్బాయ్!"

ముప్పై ఆరేళ్ళు మింగిన మాట, ఎంత గట్టిగా వచ్చిందో ఆమెకే తెలియదు. వీధిలో గాడిదబండి ఆగింది. బాల్బాయ్ చేతులు గాల్లోనే బిగుసుకుపోయాయి. మెల్లగా తిరిగి చూశాడు.

"ఎవరు పిలిచింది?"

"నేనే." కంచె పట్టుకుంది. "దింపకండి. అందులో పిల్లకుళ్ళు ఉంది. మంగళవారం చూశాను. చెప్పలేదు."

ఆ మాట కూడా అదే మొదలు పలకడం.

ఆయన ఫ్రేమును ఎడంగా పట్టుకుని ముందు తన పెట్టె మూత మూశాడు. తర్వాత జేబులోంచి అగ్గిపెట్టె తీసి ఆమె చేతిలో పెట్టాడు. "నాకు కనబడదు. నువ్వే చూడు." గదిలో గుచ్చి, తిప్పి, లాగింది. గోధుమరంగు దారం సాగింది. రెండు వేళ్ళ వెడల్పు సాగి, ఇంకా సాగి, అప్పుడు తెగింది.

"మంగళవారమా?" అన్నాడు.

"మంగళవారం."

"నీ ఇల్లు బంగారం గానూ. నా పెట్టెలు కాల్చి కూర్చునేదానివే."

తిట్టు అంతటితో సరి. పశువుల డాక్టరుకు ఫోను ఆమే చేసింది, జబ్బు పేరు చెప్పింది, వీధి వింటుండగానే. సందెవేళ ఈగలన్నీ లోపలికి చేరాక మూడో పెట్టెను గొయ్యిలో కాల్చారు. బాల్బాయ్ తన చేతితొడుగులూ అందులోనే పడేశాడు. లోపల రొద ఆగేదాకా బూరుల్ చెవులు మూసుకోలేదు. వినాలి అనుకుంది. మిగిలిన అయిదింటినీ పది రోజులయ్యాక తెరిచి చూడమన్నాడు డాక్టరు.

మట్టి కప్పుతుండగా ఆమె అంది, "పేరు పెట్టి పిలిచాను బావగారూ. తప్పయింది."

ఆయన పారకు ఆనుకుని నిలబడ్డాడు. "నా భార్య ఏనాడూ ఆ పేరుతో పిలవలేదు. ఒరే అనే దోస్తులు పోయారు. అమ్మ పోయి ఇరవై రెండేళ్ళు. ఆ పేరు నాదేనని అర్థం కావడానికే కాస్త సేపు పట్టింది." పార ఎత్తుకుని మట్టి వేశాడు.

ఆ పది రోజులూ బూరుల్ సరిగ్గా తిన్నది లేదు. పదకొండో రోజు పొద్దున పొగడబ్బా ముట్టించి నాలుగో పెట్టె ముందుకు వెళ్ళింది. మూత మీద చెయ్యి వేసింది, తీసేసింది. మళ్ళీ వేసింది. లోపలి రొద అరచేతికి తగులుతోంది. బాగానే ఉన్నట్టుంది, కానీ మూడోది కూడా అలాగే మోగింది. ఎంత ప్రయత్నించినా వేళ్ళు బిగియలేదు. కంచె అవతల బాల్బాయ్ మేకులేని చోట సుత్తితో కొడుతున్నాడు.

"బావగారూ," అంది.

సుత్తి ఆగలేదు. వినే చెవి ఇటువైపే ఉంది మరి.

"బావగారూ."

టక్ టక్ మని కొడుతూనే ఉన్నాడు.

బూరుల్ గొంతు సవరించుకుంది. చుట్టూ చూసింది, వీధిలో ఎవరూ లేరు. "బాల్బాయ్ బావగారూ, నాకు భయంగా ఉంది. కాస్త రండి."

సుత్తి ఆగింది. ఆయన కంచె దాటి వచ్చాడు. అగ్గిపెట్టె అప్పటికే చేతిలో ఉంది.