ఎలుగుబంటికి వేసిన తాళం

మధ్యాహ్నం పన్నెండుకు మా సైనిక పోస్టు చేరాం. అరుణాచల్ కొండల్లో, పద్నాలుగు వేల అడుగుల ఎత్తున. రెండు బంకర్లు, ఒక కిరోసిన్ పొయ్యి, చుట్టూ మంచు. హవల్దార్ మాకు ముందు చూపించింది సరిహద్దు కాదు, కింద దారి పక్కనున్న రాతి గుడిసె. జడలబర్రెల కాపరులది. మంచులో చిక్కినవాళ్లు ఎవరైనా లోపలికి పోయి మంట వేసుకోవచ్చు. కాల్చిన కట్టెలకు బదులు, మళ్లీ వచ్చినప్పుడు కట్టెలు తెచ్చి పెట్టాలి. అంతే.

మాది ధర్మసాగర్. రేడియో ఆపరేటర్‌ది కేసముద్రం. ఆ కొండ మీద తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. అతనికి నేను అన్నను.

చలికాలం మొదట్లో కెప్టెన్ వచ్చాడు. కింది ఊరికి కంబళ్లు, రేకులు, తాళాలు పంచాడు. మనిషి తన వస్తువును కాపాడుకోవడం నేర్చిన రోజే నాగరికత మొదలైందని హిందీలో ఉపన్యాసం ఇచ్చాడు. బడిలో మా సారు మాత్రం నాగరికత అంటే నది ఒడ్డు, ఇటుకలు, మురికి కాలువలు అని చెప్పాడు. ఎవరిది నిజమో అడిగే చోటు కాదది. ఆర్డర్ ప్రకారం గుడిసెకు గొళ్లెం బిగించి, తాళమూ తాళంచెవీ కాపరి ముసలాయన చేతిలో పెట్టాం.

తర్వాతి వారం గస్తీకి వెళ్తే తలుపుకు తాళం వేసి ఉంది. పక్కనే మేకుకు, ఎర్ర ఉన్ని దారంతో, చెవి వేలాడుతోంది. నాకు ఒళ్లు మండింది. ఇంత చెప్పినా బుర్రకెక్కలేదా అని విసుక్కున్నాను. ముసలాయన వచ్చీరాని హిందీలో నింపాదిగా ఏదో చెప్పాడు. ఆపరేటర్ నవ్వాపుకోలేక దాన్ని నాకు తెలుగులో చెప్పాడు.

"తాళం ఎలుగుబంటికట అన్నా. దానికి చెవి తిప్పుడు రాదు గద. మనిషికైతే వస్తదంటాండు."

కెప్టెన్ మళ్లీ వచ్చేలోగా ఆ మేకు పీకేయమని హవల్దార్ అందరికీ చెప్పాడు. రేపు, ఎల్లుండి అంటూ మేం వాయిదా వేశాం.

ఆ మధ్యలోనే ఆపరేటర్ బ్యాటరీల కోసం కిందికి వెళ్లాడు. తిరిగి వస్తుండగా, రెండు గంటలప్పుడు, మంచు తుఫాను విరుచుకుపడింది. రేడియో సెట్‌లో అతని గొంతు వినిపించింది.

"అన్నా, తొవ్వ కనవడ్తలేదు. కాళ్లు మొద్దువారినయ్."

గుడిసెకు పొమ్మన్నాను. తర్వాత ఉలుకూ పలుకూ లేదు. హవల్దార్ ఎవరినీ బయటికి వెళ్లనివ్వలేదు. ముందురోజు గస్తీకి వెళ్లి కింది ఊళ్లోనే ఆగినవాళ్లు ఆ మేకు పీకేశారేమోనని, సెట్‌లో అతన్ని పిలుస్తూనే ఉన్నాను. చీకటి పడే ముందు సెట్ మళ్లీ పలికింది.

"గుడిసెల ఉన్నన్నా. చెవి ఆడనే ఉన్నది. మంట ఏసుకున్న, ఫికర్ చెయ్యకు."

పసిపిల్లాడిలా ఏడ్చేశాను. మేకు సంగతి హవల్దార్ మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు వరంగల్‌లో కాపురం. కాలనీ గేటుకు కెమెరాలు, వాచ్‌మన్. ఇంటికి రెండు తాళాలు. కెప్టెన్ లెక్కన మేం బాగా నాగరికులమే. తిరిగొచ్చిన మొదటి ఆదివారం చర్చికి బయల్దేరుతూ, తాళం వేసి, చెవి తీసుకెళ్లి కిటికీ మేకుకు తగిలించాను. ఏమనుకుని అలా చేశానో నాకే తెలియదు. నా భార్య దాన్ని తీసి బ్యాగులో వేసుకుంది.

"గట్ల పెడ్తరా ఎవరన్న? మొన్ననే పక్క గల్లీల దొంగలు పడ్డరు."

ఆమె మాటలో తప్పు లేదు. ముసలాయన మాటలోనూ లేదు. ఇందులో ఏది నాగరికతో నాకింకా తేలలేదు. ఆయన తాళం వేసింది ఎలుగుబంటికి. మేం వేస్తున్నది మనిషికి. తలుపు మూసిన ప్రతిసారీ తెల్లటి మంచులో ఆ ఎర్ర దారం కనిపిస్తుంది. మొద్దుబారిన చెయ్యి ఒకటి దానికోసం తడుముకుంటూ ఉంటుంది.