ఒక్క నల్లా కింద రెండు బిందెలు

పోయిన నెల ఒక ఉదయం, పొయ్యి మీద పాలు పెట్టి నిలబడి ఉండగా దవాఖాన నుంచి మా ఆయన ఫోన్ చేశాడు. "అక్క పోయింది" అన్నాడు. నేను పొయ్యి ఆపాను. ఆ వేళకు కోస్గి వైపు పల్లెల్లో పాల కేంద్రాలు తెరిచే ఉంటాయి. ఆడవాళ్లు క్యాన్లు పట్టుకుని వరుసలో నిలబడి ఉంటారు. నాకు ముందు గుర్తొచ్చింది అదే. వదిన ఉన్నా ముందు వాళ్ల సంగతే అడిగేది.

ఆమె మా ఆయనకు అక్క, నాకు వదిన. తెలంగాణ వచ్చిన తర్వాత హైదరాబాద్‌లో ఉద్యోగం వదిలి మహబూబ్‌నగర్ వచ్చి, మా ఇంటి పై గదిలో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టింది. పాల కేంద్రంలో ఎవరు ఎన్ని పాలు పోశారు, వెన్న శాతం ఎంత అన్నది అక్కడికక్కడే ఎక్కించి చీటీ ఇచ్చే ఏర్పాటు ఆమెది. ఆ వివరాలన్నీ ఇంటర్నెట్‌లో ఒక పెద్ద కంపెనీ కంప్యూటర్లలో ఉండేవి. దాన్ని క్లౌడ్ అంటారని చెప్పింది.

"మబ్బుల దాస్తరా వదినా?" అని నవ్వాను.

"మబ్బు గాదు, కిరాయి ఇల్లు. ఓనరు మొకం మాత్రం ఎన్నడు చూడలే."

ఒక ఎండాకాలం ఉదయం ఆ ఓనరు తాళం వేశాడు. ఏదో అనుమానం వచ్చిందని వాళ్ల యంత్రమే మా ఖాతాను మూసేసింది. అడగడానికి మనిషి లేడు. రాసిన ప్రతి మెయిల్‌కూ యంత్రమే జవాబు ఇచ్చింది. కోస్గి కేంద్రం చూసే యాదమ్మ ఫోన్ మీద ఫోన్ చేస్తోంది. "మేడం, చీటీ రాక ఎవ్వరు పాలు పోస్తలేరు. వ్యాను డ్రైవరు పోత పోత అంటున్నడు. గీ ఎండల పాలు ఇరిగిపోతయి, నన్ను ఏం జెయ్యమంటరు?" చాలామంది పాలు ఇంటికి తిరిగి మోసుకుపోయారు. మర్నాడు ఖాతా తెరుచుకుంది. పొరపాటు జరిగిందని ఒక్క వాక్యం వచ్చింది, అంతే.

వదిన దగ్గర రెండో కాపీ లేక కాదు. ఆ కాపీని కూడా అదే కంపెనీలో, అదే ఖాతా కింద పెట్టింది. ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చుని, "రెండు బిందెలు పెట్టిన మరదలా. రెండు ఒక్క నల్లా కిందనే పెట్టిన" అంది. తర్వాత చాలాసార్లు ఈ మాట విన్నాను. ఎప్పుడూ నవ్వుతూ అనలేదు.

అప్పటి నుంచి మొదలైన చాకిరీ ఏళ్లపాటు సాగింది. మన పని సుఖంగా సాగేలా ఆ పెద్ద కంపెనీ తన సొంత పనిముట్లు ఇస్తుందట. వాటికి అలవాటు పడితే మన సాఫ్ట్‌వేర్ ఇంకెక్కడా నడవదట. వదిన వాటిని ఒక్కొక్కటే తీసేసి, ఎక్కడైనా దొరికే మామూలు వాటితో మళ్లీ రాసుకుంది. వివరాలు దాచడానికి వేరే కంపెనీలో రెండో జాగా తీసుకుంది. నెట్ పోయినా కేంద్రంలోని కంప్యూటరే చీటీ ఇచ్చి, వివరాలు తర్వాత పంపేలా మార్చింది. ఇంటి లెక్కలు నేను తప్పు లేకుండా రాస్తానని, కొత్త జాగాలోకి వచ్చిన అంకెలు పాతవాటితో సరిపోతున్నాయో లేదో చూసే పని నాకు ఇచ్చింది. కూరగాయలు తరుక్కోవడం అయ్యాక పైకి వెళ్లి వరుసగా సరిచూసేదాన్ని.

మా ఆయన విసుక్కునేవాడు. "అక్కా, మంది ఇల్లు ఒక్కసారి మారుతరు. నువ్వు రోజు మారుతనే ఉన్నవు."

"మారుతలేను రా. ఇంకో ఇంటి తాళంచెయ్యి కొంగుకు కట్టుకుంటున్న."

అయితే అన్నిటికీ రెండో ఏర్పాటు చేయలేదు. "అన్ని రెండు రెండు పెడితే మనమే ముందు పోతం. పాలు ఆగొద్దు, అంతే. మిగిలినయి ఒకరోజు ఆగితే ఆగనీ" అనేది. ఎక్కడ ఆపాలో ఆమెకు తెలుసు.

నెలకొకసారి, ఒక సోమవారం, బంద్ పెట్టేది. రెండో జాగా మీద పని నడుస్తుందో లేదో చూడాలని, పొద్దున పాలు పోసే వేళలోనే మొదటి జాగాతో లంకెను తానే కత్తిరించేది. జనం లేనప్పుడు చేయొచ్చు కదా అంటే, "పాలు లేనప్పుడు బంద్ పెడితే ఏం ఎరుకైతది?" అనేది. అంతటితో ఆగేది కాదు. తన ఫోన్ బంద్ చేసి, కిందికి వచ్చి, నా బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసేది. "నేను గూడ ఒక్క నల్లానే గద" అంటూ చెప్పులు వేసుకుని వెళ్లిపోయేది. సీతాఫలాల కాలమైతే గంప పక్కన కూర్చుని బేరం చేసేది. లేకపోతే దర్జీ దుకాణంలో కబుర్లు.

పైన ఆమె దగ్గర పనిచేసే మరియ ఒక్కతే ఉండేది. ఆత్మకూర్ పిల్ల. మొదటిసారి పాపం ఏడ్చేసింది. "ఆంటీ, మేడంను జర పిలువుండ్రి, నాతోని గాదు" అని మెట్ల మీద నిలబడి బతిమాలింది. వెతికి పిలుచుకు రావాలని చెప్పులు వేసుకుని, మళ్లీ విప్పేశాను. కాసేపటికి యాదమ్మే ఫోన్ చేసి, చీటీలు వస్తున్నాయని చెప్పింది. వదిన సీతాఫలాలు పట్టుకుని వచ్చి, మరియ కళ్లు చూసి, "ఏడ్చుకుంట గూడ నడిపించినవు గద పిల్లా" అంటూ పెద్ద పండు ఆమె చేతిలో పెట్టింది.

వదిన కిడ్నీలు చెడిపోయి, దవాఖానకు తిరగడం మొదలయ్యాక కూడా బంద్ ఆపలేదు. ఒకసారి వస్తూ ఆటోలో నా భుజానికి ఆనుకుని, "అలిసిపోయిన మరదలా. ఒకరి మీద ఆధారపడకుండ ఉండుడు గూడ చాకిరే" అంది. నేనూ అలిసిపోయే ఉన్నాను.

ఆమె పోయిన ఉదయం పాలు ఆగలేదు. సంతోషించే ఓపిక మాలో ఎవరికీ లేదు. కానీ ఒక్కరోజు నడవడం వేరు, ఆమె లేకుండా నడుస్తూ ఉండడం వేరు. ఏదైనా విరిగితే సరిచేయడానికి ఇక ఆమె రాదు కదా.

కర్మలైన తర్వాత బంద్ సోమవారం వచ్చింది. మా ఆయన మరియతో, "ఈ నెల ఇడిసిపెట్టు బిడ్డా, మనసు బాగలేదు" అన్నాడు.

"మేడం ఉంటే ఇడిసిపెడుతుండెనా అంకుల్?" అని ఆ పిల్ల పైకి వెళ్లిపోయింది. నేనూ వెళ్లి వెనక నిలబడ్డాను. మరియ మొదటి జాగాతో లంకెను కత్తిరించింది. యాదమ్మకు తనే ఫోన్ చేసింది.

"అక్కా, ఏమన్న తేడా కొడుతాందా?"

"ఏం లేదు బిడ్డా. పోస్తున్నరు."

ఈసారి మరియ ఏడవలేదు. కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది.

నేను కిందికి వచ్చి అన్నానికి బియ్యం డబ్బా మూత తీశాను. ఆ ఉదయం వదిన ఫోన్‌ను బంద్ చేసి అందులో పెట్టింది నేనే. ఎవరో ఒకరు పెట్టాలి కదా అనిపించింది. సగం బియ్యంలో కూరుకుని ఉంది. ఎప్పుడైనా దాన్ని తీసి, గింజలు దులిపి, "ఎన్ని కాల్స్ వచ్చెనో" అనుకుంటూ తెరిచేది ఆమే. నేను దాన్ని కదిలించలేదు. చుట్టూ ఉన్న బియ్యం గిద్దెతో తీసుకుని, మూత మళ్లీ పెట్టాను.