నక్కల కోసం కట్టిన వల

పోయిన నెలలో మా పక్కింటి పద్మ వాళ్ల బాల్కనీకి వల కట్టించింది. వాళ్లింట్లోకి కొత్తగా ఒక కుక్కపిల్ల వచ్చింది, తెల్లటి దూది ఉండ లాంటిది, రెండు అరచేతుల్లో ఇమిడిపోతుంది. అది ఇనప కమ్మీల సందుల్లోంచి ఎక్కడ కిందికి జారిపోతుందోనని వాళ్ల భయం. మా వీధిలో ఇల్లు కట్టేవాళ్లు ఇటుకలెన్ని పడతాయో, పెళ్లి చేసేవాళ్లు బియ్యం ఎన్ని పొయ్యాలో నన్నడిగి పోవడం అలవాటు గనక, వల ఎంత కొనాలో, దాని కన్ను ఎంత సన్నంగా ఉండాలో కూడా పద్మ నన్నే అడిగింది. నేను కుక్కపిల్ల తల చుట్టూ దారం పెట్టి కొలిచి, కమ్మీల పొడవూ ఎత్తూ చూసి, ముళ్లకూ మడతలకూ కొంచెం కలిపి చెప్పాను. వల వచ్చింది. నీలం రంగు నైలాను. దాన్ని నా ఒళ్లో పెట్టగానే నేను చేసిన మొదటి పని, ఒక కొస ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకోవడం. ఏ వాసనా లేదు.

"ఏంది పెద్దమ్మా, వలను వాసన చూస్తుండావు?" అని నవ్వింది పద్మ.

వలకు వాసన ఉండాలని నా ముక్కు అనుకుంది. తుమ్మచెక్క కషాయంలో ఉడకేసిన నూలు దారం వగరూ, ఉప్పూ, ముళ్ల మధ్య ఇరుక్కుని ఎండిపోయిన చిన్న చేపల నీచూ, అన్నీ కలిసిన వాసన అది. ఆ వాసన మధ్యనే నేను పుట్టి పెరిగాను. అందువల్లనే చాలాకాలం దాకా అదొకటి ఉందని కూడా నాకు తెలియదు.

చిట్టమూరు దాటి తూర్పుగా పోతే, కాలవకూ సముద్రానికీ నడుమ ఇసక మేట మీద పెద్ద సరుగుడు తోపు ఉండేది. మా నాయన ఆ తోపుకు కాపలా. తోపు అంచున తాటాకు ఇల్లు, ఇంటి ముందు నరికిన కట్టెల దొంతులు, దొంతుల అవతల కాలవ. ఆ కాలవలోనే పడవలు వచ్చి కట్టెలు నింపుకుని చెన్నపట్నం పోయేవి. ఆ దొంతుల పొడవూ వెడల్పూ ఎత్తూ చూసి ఎంత కట్టె ఉందో చెప్పడమే నాకు వచ్చిన చదువు. బడికి పోయింది కొద్దికాలమే. సరుగుడు ఆకు రాలి మెత్తటి పరుపులాగా పడితే ఇసక దిబ్బల మీంచి దాని మీద జారేవాళ్లం, రాళ్లు దొరకని చోటు గనక సరుగుడు కాయలతోనే అచ్చనగాయలు ఆడేవాళ్లం. ఎండాకాలంలో తాటిముంజలు, మామిడికాయ వేసిన చేపల పులుసు, చలికాలంలో కాల్చిన తేగలు, ఏడాది పొడుగునా పొద్దున్నే సద్దన్నంలోకి పెనం మీద వేయించిన ఎండు నెత్తళ్ల చేపలు. కార్తీక మాసంలో తాటిగెలలు కాల్చిన బొగ్గు నూరి, గుడ్డలో పొట్లం కట్టి, తాటిమట్ట బద్దల మధ్య ఇరికించి నిప్పు పెట్టి నాయన తలచుట్టూ తిప్పితే, రవ్వలు వాన లాగా రాలి ఇసకలో పడి ఆరిపోయేవి. ఆ మూడు నాలుగు సందెలు మాత్రం తోపులో నక్క కూసేది కాదు.

మిగతా అన్ని సందెల్లోనూ కూసేది. పొద్దు కాలవ అవతలికి వాలి, సరుగుడు మానుల నీడలు సముద్రం దాకా సాగినప్పుడు, ముందు ఒక్కటి ఎక్కడో దక్షిణంగా గొంతెత్తేది. అది ముగియక ముందే ఇంకొకటి అందుకునేది, ఆపైన ఏది ఎన్నోదో చెప్పలేనట్టు తోపంతా ఒకే గొంతయ్యేది, కాలవ అవతలి గట్టు మీంచి బదులు వచ్చేది. మా నాయన తల్లి, మా జేజి, తిరగలి తిప్పుతున్నది తిప్పుతున్నట్టే ఆపి, అవి ఆపేదాకా పిడి మీంచి చెయ్యి తీయకుండా కూర్చునేది. నాకు ఒంటి మీద రోమాలు నిక్కేవి. భయం కొంచెమే. మేము పడుకునే నేల, నీళ్లు తోడే చెలమ, అన్నీ ముందు నక్కలవి, తర్వాతనే మావి అని ఆ కూతలో ఏదో చెప్పినట్టుండేది.

ఆ కూత ఆగగానే జేజి లేచి ఇంటి పైకప్పు మీద, చాపల మీద ఆరేసిన చేపలన్నీ ఎత్తేది. నిజానికి పొద్దు వాలక ముందే ఎత్తేసి ఉండేది, మళ్లీ ఒకసారి చేత్తో తడిమి చూసేది. ఒక్క నెత్తలు ముక్క బయట ఉన్నా నక్కను ఇంటికి పిలిచినట్టేనని ఆమె శాసనం. ఆ విషయంలో మా అమ్మకైనా, నాకైనా మినహాయింపు లేదు.

ఆ ఇంటికి ఒక చిన్న కుక్క వచ్చింది. పట్నం నుంచి ఖాళీగా తిరిగొచ్చిన పడవలో ఎక్కి వచ్చిందది. ఏ దొరల ఇంటి కుక్క సంతానమో, ఒళ్లు పొడుగ్గా, కాళ్లు పొట్టిగా, కడుపు ఇసక రాసుకుంటూ నడిచేది. మేము బుడ్డి అని పిలిచేవాళ్లం. సముద్రం ఒడ్డున చేపలవాళ్ల పాలెం నుంచి చేపలు తెచ్చే పోలయ్య మామ దాన్ని చూసినప్పుడల్లా, "కాళ్లు చేసేటప్పటికి మన్ను అయిపోయినట్టుండాది అన్నా దేవుడికి" అనేవాడు. తోపులో ఊరకుక్క ఏదైనా నక్కను తరిమి, ఎదురు తిరిగితే పారిపోయి బతకగలదు. బుడ్డి తరమలేదు, పారిపోనూ లేదు. అందుకే సందె కూత వినగానే ఎక్కడున్నా వచ్చి జేజి కాళ్ల దగ్గర చేరేది. నిద్రపోయేటప్పుడు కూడా దాని ఒక చెవి నిలబడే ఉండేది.

దాని మొదటి ఈతలో పుట్టిన కూనల్ని కోళ్లగంప కింద పెట్టి, గంప మీద రోలు ఎత్తి పెట్టాడు నాయన. రోలు కదలలేదు. నక్కలు గంప పక్కన ఇసక తవ్వి కిందనుంచి చెయ్యి పెట్టినట్టు పెట్టి అన్నిటినీ ఎత్తుకుపోయాయి. తెల్లారి బుడ్డి ఆ గుంట చుట్టూ తిరిగి తిరిగి, దాంట్లోనే పడుకుంది. అమ్మ పెట్టిన గంజి ముట్టలేదు. ఇంకొకసారి ఇట్లా కానివ్వనని నాయన పైకి అనలేదు గాని, మరుసటి ఏడు వానలు తగ్గి బుడ్డి మళ్లీ నాలుగు కూనల్ని ఈనేసరికి ఆయన సరుగుడు గుంజలు చెక్కి సిద్ధంగా పెట్టుకున్నాడు.

గుంజలు పాతి నాలుగు వైపులా దడి కట్టాడు. పోలయ్య మామ పాలెం నుంచి పాత వల ఒకటి భుజాన వేసుకుని తెచ్చాడు. పాలెంలో వల కన్నులోకి వేళ్లు దూర్చి కొలుస్తారు. నేను తోపులో దొరికిన నక్క పుర్రె ఒకటి దాచిపెట్టుకుని ఉన్నాను, దాన్ని తెచ్చి వల మీద పెట్టి చూపించాను. మూతి కొస మాత్రమే దూరింది, చెంపలు ఆగిపోయాయి. నాయన నా నెత్తి మీద చెయ్యి వేశాడు. వలను కింద ఇసకలో జానెడు లోతున పరిచి, పక్కలు కప్పి, పైన మూసి, బుడ్డికి మాత్రం చిన్న తలుపు పెట్టాం. కింద తవ్వినా వలే, పైన ఎక్కినా వలే. ఎక్కడా లెక్క తప్పలేదు.

ఆ సందె కూత తోపులో కాదు, మా దొంతుల వెనకనే లేచింది. అంత దగ్గరగా అవి ఎన్నడూ రాలేదు. నాయన కర్ర తీసుకుని కేకలేస్తే పోయినట్టే పోయాయి. తెల్లవారుజామున లేచి చూస్తే దడి చుట్టూ ఇసకంతా అడుగులే, వల ఒక మూల నమిలి నమిలి పీచు తేలి చిల్లు పడి ఉంది, కూనలు మూడే ఉన్నాయి. నాయన పాలెం పోయి ఇంకొక వల తెచ్చి మొదటి దాని మీద వేశాడు. ఈసారిది ఇంకా పాతది, ఇంకా మందమైనది, ముళ్ల నిండా పొలుసులు మెరుస్తున్నాయి. ఆ సందెకు ముందటికంటే ఎక్కువ నక్కలు వచ్చాయి. నాయన దడి పక్కనే కర్ర పట్టుకుని కూర్చున్నాడు. అవి పోకుండా కొంచెం ఎడంగా దొంతుల నీడల్లో నిలబడి ఎదురుచూశాయి.

మర్నాడు పొద్దున, నాయన చెలమకు పోయి వచ్చేలోగా దడి ఖాళీ అయింది. కూనలూ లేవు, బుడ్డీ లేదు. జేజి అక్కడే ఇసకలో చతికిలబడింది. అప్పుడు కాలవ గట్టున, ముందురోజే నరికి పేర్చిన పచ్చి కట్టెల దొంతి అడుగు నుంచి బుడ్డి ముక్కు బయటకు వచ్చింది. తర్వాత పొడుగాటి ఒళ్లు, తర్వాత పాలతో బరువెక్కి వేలాడే పొదుగు. నేను బోర్లా పడుకుని ఆ సందులోకి చూశాను. అడుగు వరసలో రెండు దుంగలు ఎడంగా పడ్డ చోట సన్నటి దారి ఉంది. నా చెయ్యి మోచేతి దాకా పోయింది. లోపల ఎక్కడో వెచ్చగా కుయ్ కుయ్ మంటున్నాయి. ఏ నక్కకూ ఆ ఎత్తు చాలదు. దేవుడికి మన్ను చాలని ఆ కాళ్లు ఉన్న ప్రాణి ఒక్కటే అందులోకి పోగలదు.

ఆ సందె మేమందరం ఇంటి అరుగు మీద కదలకుండా కూర్చున్నాం. ఇంకా వెలుగు ఉంది. బారులు తీరిన సరుగుడు మానుల మధ్యనుంచి నక్కలు ఒక్కొక్కటే వచ్చాయి, సన్నటి కాళ్లు, కాల్చిన తేగ రంగు వెన్ను, వెనక నుంచి వెలుగు పడి ఎర్రగా కనిపించే చెవులు. అన్ని నక్కల్ని అంత దగ్గరగా నేను ముందెప్పుడూ చూడలేదు, తర్వాతా చూడలేదు. అవి పచ్చి కట్టెల దొంతి పక్కనుంచే నడిచాయి, ఒక్కటీ తల తిప్పలేదు. నేరుగా ఖాళీ దడి దగ్గరికి పోయి, ముందు కాళ్లతో వలను నొక్కిపెట్టి, పక్కపళ్లతో ముళ్లను నమలడం మొదలుపెట్టాయి. చెరుకు నమిలినట్టు, కళ్లు సగం మూసుకుని, తొందర లేకుండా నమిలాయి.

జేజి చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా అంది:

"అబ్బయ్యా, అవి కూనల కోసం రాలేదురా. వల కోసం వచ్చినాయి. మనమే పిలిచినాం."

నాయన అటే చూస్తూ, "ఒక్క నెత్తలు బయట ఉంటే ఇల్లెగరగొడతావే నువ్వు. వల సంగతి నీకూ తోచలేదా?" అన్నాడు.

"వలను చేపంటామా యాడన్నా?"

చేపలన్నీ తడిమి తడిమి లోపల పెట్టుకుని, చేపల వాసన గల వలను కూనల చుట్టూ రెండు మడతలు చుట్టాం. మాకు అది పనిముట్టు. నక్కలకు అది అన్నం. బుడ్డికి ఏమని అనిపించిందో, పచ్చి సరుగుడు చెక్క ఘాటు తన పిల్లల వాసనను కప్పుతుందని దానికి తెలిసిందో, లేక ఇరుకు చోటు కనిపించి దూరిందో, నేను ఇప్పటికీ చెప్పలేను. కొలతలు వేసుకున్నవాళ్లం మేము. చోటు కనిపెట్టింది అది.

రెండు రోజులకు పడవ వచ్చింది. గట్టున ఉన్న దొంతే ముందు నింపుకోవాలి, అది వాడుక. అడుగున ఒక్క దుంగ కదిలినా లోపలి దారి కూలిపోతుందని నేను నాయన చెవిలో చెప్పాను. ఆయనకు అప్పటికే తెలుసు. వెనక దొంతి ఎత్తుకోమన్నాడు. పడవవాళ్లకు దూరం మోత, ఒప్పుకోలేదు.

"కుక్క పురుడు అయిందాకా పడవ ఆగాల్నా అన్నా?" అన్నాడు ఒకడు, మిగతావాళ్లు నవ్వారు.

"పడవ ఆగబల్లే. కట్టె నేను మోస్తా."

పొద్దు తిరిగేదాకా నాయన మోశాడు. కొంతసేపటికి నవ్వినవాళ్లలోనే ఒకడు తలపాగా చుట్టుకుని దిగి ఒక కొస పట్టుకున్నాడు. కూనలు మూడూ కళ్లు తెరిచి, తప్పటడుగులు వేసి, తమంతట తాము బయటకు వచ్చేదాకా ఆ దొంతి అట్లాగే నిలిచింది. మూడూ తల్లి పోలికే, పొట్టి కాళ్లే.

వలను మాత్రం నాయన నక్కలు నమిలిన మర్నాడే ఊడదీసి, సముద్రం వైపు తోపు చివర మానులకు కట్టి వచ్చాడు. నక్కలు సందెకు అటు పోవడం మరిగాయి. అప్పటినుంచి ఏటా వానలు తగ్గాక పాలెం నుంచి ఒక చిరిగిన వల వచ్చేది, తోపు చివర నక్కల కోసం వేలాడేది. తెల్లవారుజామున ముంజలకో కట్టెపుల్లలకో అటు పోతే, అలల అంచున ఎండ్రకాయల్ని తింటూ నడిచే నక్క ఒకటి ఆగి మనవైపు చూసి మళ్లీ తన పనిలో పడేది. మా కుక్కల జోలికి రాలేదు. పాలెంలో నూలు వలలు పోయి నైలాను వలలు వచ్చిన ఏడు, నాయన ఆ వలే కట్టాడు. ఏ నక్కా దాన్ని ముట్టలేదు. తర్వాత చేపల తలలు పెట్టేవాడు. తర్వాత ఆయన లేడు, తోపు నరికేశారు. ఇప్పుడు అక్కడ రొయ్యల గుంటలు, గుంటల చుట్టూ గట్లు, గట్ల మీద దీపాలు. కాలవలో పడవ నడిచి ఎన్నేళ్లయిందో.

పద్మ వాళ్ల బాల్కనీకి వల బాగా కుదిరింది, జానెడు మిగిలింది. కట్టిన రోజు సాయంత్రం కుక్కపిల్ల దాని దగ్గరికి పోయి ముక్కు పెట్టి, ఒకసారి తుమ్మి, వెనక్కి వచ్చేసింది. పొద్దు వాలే వేళ నేను మా గుమ్మంలో కూర్చుని ఉన్నాను. బస్సుల హారన్లు తప్ప ఏమీ లేవు. అయినా దక్షిణం వైపు చెవి పెట్టడం నాకు అలవాటు. కుక్కపిల్ల చల్లటి గచ్చు మీద వెల్లకిలా పడుకుని, నాలుగు కాళ్లూ గాలిలోకి చాచి, కడుపంతా బయట పెట్టి నిద్రపోయింది. రెండు చెవులూ వాలిపోయి ఉన్నాయి.

ఒక్కసారీ అట్లా వెల్లకిలా పడుకోని బుడ్డి కడుపు తెల్లగా ఉండేదో, గోధుమరంగుగా ఉండేదో, దానితో అన్నేళ్లు పెరిగి కూడా నేను ఎప్పుడూ చూడలేదు.