రాతి దుమ్మును మింగే కణాలు

మా నాయన పెద్దారవీడు దగ్గరి మా ఊరి నుంచి రోజూ మోపెడ్ మీద మార్కాపురం వెళ్లి పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. మీసాలు రాకముందే చేరాడట. అప్పటినుంచీ రాతి పొరలను పలకల సైజుకి కోసే మిషన్ దగ్గరే ఉన్నాడు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కనుబొమల మీద, చెవుల వెనుక బూడిద రంగు దుమ్ము పట్టి ఉండేది. ఆయన తొట్టి దగ్గర మొహం కడుక్కుంటుంటే నేను ఆయన చొక్కా తీసుకుపోయి వాకిట్లో దులిపేదాన్ని. ఆ దుమ్ము గాల్లోకి లేచి ఎండలో మెరుస్తుంటే చూడటం నాకు సరదాగా ఉండేది.

నేను పదో తరగతిలో ఉండగా ఆయనకు దగ్గు మొదలైంది. మొదట చలికన్నారు. తర్వాత బీడీలన్నారు. బీడీలు మానేసినా దగ్గు ఆగలేదు. మనిషి తగ్గిపోయాడు. ఎక్స్‌రే తీసిన డాక్టరు ఊపిరితిత్తుల్లో మచ్చలున్నాయని, టీబీ అయి ఉంటుందని, ఆరు నెలలు మాత్రలు మింగమని చెప్పాడు. కళ్లె పరీక్షలో ఏమీ కనపడలేదన్న సంగతి కాగితంలోనే ఉంది కానీ దాన్ని మేమెవరం పట్టించుకోలేదు. టీబీ అన్న మాట ఒక్కటే మా చెవిన పడింది.

ఆ రోజు నుంచి అమ్మ ఆయన కంచం, గ్లాసు వేరుగా పెట్టింది. మంచం వసారాలోకి మారింది. నేను అప్పుడే మార్కాపురంలో ఇంటర్ బైపీసీలో చేరాను. టీబీ దగ్గుతో గాలిలో వ్యాపిస్తుందని పుస్తకంలో చదివినదాన్ని కనుక అమ్మకంటే నేనే ఎక్కువ జాగ్రత్తగా ఉండేదాన్ని. ఆయన దగ్గితే చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకునేదాన్ని. మొదటి సంవత్సరం మార్కులు వచ్చినరోజు ఫోన్‌లో చూపిద్దామని దగ్గరికి వెళ్లాను. ఆయన చదువుకున్నది ఐదో తరగతి. అంకెలు చూసి నవ్వి, నా తల మీద చేయి వేయబోయాడు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. ఆయన చేయి దించుకుని, మంచం కోడును పట్టుకుని, బాగా వచ్చినాయి పాపా అన్నాడు.

మాత్రల కోర్సు అయిపోయింది. ఆయాసం తగ్గలేదు. ఇంకో కోర్సు మొదలుపెట్టారు. అదీ సగం అయ్యాక, ఇక లాభం లేదని ముగ్గురం బస్సెక్కి పొదిలి మీదుగా ఒంగోలు వెళ్లాము. అక్కడి పెద్ద డాక్టరు పాత ఎక్స్‌రేలన్నీ వరసగా పెట్టి చూసి, అప్పటిదాకా ఎవరూ అడగని మాట అడిగాడు.

"ఏం పని చేస్తావయ్యా?"

పలకలు కోసే పని అని నాయన చెప్పాడు. డాక్టరు ఇంకా కొన్ని పరీక్షలు చేయించి సాయంత్రానికి పిలిచాడు. ఇది టీబీ కాదని, ఊపిరితిత్తుల నిండా రాతి దుమ్ము చేరిందని, అక్కడ మాంసం గట్టిపడిపోయిందని, ఇంట్లో ఎవరికీ అంటుకునే రోగం కాదని చెప్పాడు. తిరిగి మామూలు చేసే మందు లేదని కూడా చెప్పాడు. నాయనకు ఆఖరి మాట వినపడిందో లేదో నాకు తెలియదు. ఆయన అమ్మవైపు చూస్తున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు పొదిలిలో బస్సు ఆగింది. అమ్మ దిగి మజ్జిగ తెచ్చింది. నాయన సగం తాగి, అలవాటుకొద్దీ మిగిలింది కిటికీలోంచి పారబోయబోయాడు. అమ్మ ఆ గ్లాసు చేతిలోంచి తీసుకుని మిగిలిన మజ్జిగ తాను తాగింది. నాయన మొహం కిటికీవైపు తిప్పుకున్నాడు. నేను వాళ్ల వెనక సీట్లో ఉన్నాను. ముందుకు వెళ్లి ఆయన పక్కన కూర్చోవాలని ఉంది. సిగ్గుతో మార్కాపురం వచ్చేదాకా లేవలేకపోయాను.

కొన్ని వారాలకు కాలేజీలో జువాలజీ మేడమ్ రోగనిరోధక వ్యవస్థ పాఠం చెప్పారు. ఒంట్లోకి వచ్చిన సూక్ష్మజీవులను మింగి అరిగించుకునే పెద్ద కణాలుంటాయని, వాటిని స్థూలభక్షకాలంటారని బోర్డు మీద బొమ్మ వేశారు. క్లాసయ్యాక నేను స్టాఫ్‌రూముకు వెళ్లి, అవి రాతి దుమ్మును మింగితే ఏమవుతుందని అడిగాను. మేడమ్ నన్ను కూర్చోమని, ఎవరికి అని అడిగారు. చెప్పాను. ఆమె కాగితం మీద మళ్లీ బొమ్మ వేసి చూపించారు. ఆ కణం రాతి ముక్కను మింగుతుంది, అరిగించుకోలేదు, చచ్చిపోతుంది. అది చచ్చాక రాయి బయటపడుతుంది. దాన్ని మింగడానికి ఇంకో కణం వస్తుంది. ఇలా జరిగినచోటల్లా వాపు, తర్వాత గట్టి మచ్చ. పనిలోకి పోవడం మానేసినా లోపల ఇది ఆగదు.

మా నాయనను ఆయన ఒళ్లే కాపాడబోయి నాశనం చేస్తోందని ఆ రోజు తెలిసింది. ఇంకా చదవాలని ఉందని మేడమ్‌తో అన్నాను.

నీట్ రాశాను కానీ సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు. అప్పుడు మేడమ్ రోగనిరోధక శాస్త్రం, వ్యాధుల జీవశాస్త్రం కలిపి నాలుగేళ్లు నేర్పే డిగ్రీ ఒకటుందని చెప్పారు. దూరపు విశ్వవిద్యాలయం, రైల్లో ఒక రోజు ప్రయాణం. ఏ సంవత్సరం ఏం చదవాలో ఆమె చెబుతుంటే లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఇంటికి వచ్చి నాయన మంచం దగ్గర కూర్చుంటే, చదివి వినిపించమన్నాడు. మొదటి ఏడు కెమిస్ట్రీ, కణజీవశాస్త్రం, స్టాటిస్టిక్స్ అని మొదలుపెట్టాను.

"అదేంది, స్టాటిస్టిక్స్?"

"లెక్కలు నాయనా. ఎంతమందికి రోగం వచ్చింది, ఎందుకు వచ్చింది అని లెక్కగట్టేది."

ఆయన కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "మా మిషన్ల కాడ ఎనిమిది మందిమి ఉండేవాళ్లం. ఇప్పుడు ముగ్గురం ఉండాం. రాసుకో."

రాసుకున్నాను. తర్వాత రెండో ఏడు, మూడో ఏడు చదివాను. నాలుగో ఏడు ల్యాబ్‌లో సొంతంగా ఒక విషయం మీద పని చేయాలని చెప్పాను.

"నువ్వు చదువుకుని వచ్చేతలికి దీనికి మందు వస్తదా?" అని అడిగాడు.

తెలియదన్నాను. పొయ్యి దగ్గరున్న అమ్మ లేచి బయటికి వెళ్లిపోయింది. నాయన మాత్రం నెమ్మదిగానే ఉన్నాడు. సరే, పో, పోయి చదువుకో అన్నాడు.

మార్కాపురంలో నెట్ సెంటర్‌లో దరఖాస్తు పెట్టాను. సీటు వచ్చినట్టు మెసేజ్ వచ్చేసరికి ఆయన వసారా నుంచి వాకిలిదాకా నడవడానికి రెండుసార్లు ఆగుతున్నాడు. పక్కన ఆక్సిజన్ మిషన్ పెట్టాము. కరెంటు పోయినప్పుడు అమ్మ ఒక్కతే ఆయన్ను లేపి కూర్చోబెట్టలేకపోయేది. చేరడానికి వారం గడువుంది. ఆ వారమంతా నేను ఎవరికీ చెప్పలేదు. గడువు దాటిన మర్నాడు నాయన దగ్గరికి వెళ్లి, సీటు రాలేదని చెప్పాను.

సీటు వచ్చిందని చెబితే ఆయన నన్ను ఇంట్లో ఉండనివ్వడని నాకు తెలుసు. వెళితే మళ్లీ చూడనేమోనని భయం. అందుకే అబద్ధం చెప్పాను. ఆయన నమ్మాడు.

"బాధపడబాక పాపా. వచ్చే సంవత్సరం రాద్దువులే," అన్నాడు.

ఆ తర్వాత చూడవచ్చిన ప్రతివాళ్లతోనూ మా పిల్లకు సీటు రాలా, పై సంవత్సరం తప్పకుండా వస్తదని నాకు వినపడేట్టుగా చెప్పేవాడు. నాకు ధైర్యం చెప్పడానికే మాటలు కూడదీసుకునేవాడు. నాలుగు మాటలకు ఒకసారి ఆగి ఊపిరి తీసుకునేవాడు. నేను ఆయన వీపు రాసేదాన్ని, అన్నం తినిపించేదాన్ని, నాలుగు నెలలు ఆయన పక్కనే ఉన్నాను. నిజం చెప్పాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. ఒకరోజు ఉదయం నాయనా అని పిలిచాను కూడా. ఏంది అన్నట్టు చూశాడు. నీళ్లు కావాలా అని అడిగాను.

చలికాలం రాగానే ఆయాసం ఎక్కువైంది. ఒంగోలు తీసుకుపోదామని బండి పిలిచేలోపే, ఒక మధ్యాహ్నం అమ్మ భుజానికి ఆనుకుని ఉండగానే పోయాడు. నాకు సీటు రాలేదనే అనుకుంటూ పోయాడు.

కర్మలు అయిపోయాక ఒకరోజు అమ్మ నా పక్కన కూర్చుని, ఆ సీటు సంగతి తనకు తెలుసునని చెప్పింది. సీట్ల జాబితాలో నా పేరు చూసి, నేను ఇంట్లో లేనప్పుడు మేడమ్ ఫోన్ చేశారట.

"ఆయనకి చెప్తే నిన్ను ఆ రోజే రైలెక్కిచ్చేవాడు. నాకు ఒంటిదాన్నే ఆయన్ని చూసుకునే ధైర్యం లేకపోయింది. అందుకే నేనూ నోరు మూసుకున్నా," అంది.

ఇద్దరం కలిసి ఆయనను మోసం చేశాం. ఆ సంగతి మేము మళ్లీ ఎత్తలేదు.

మరుసటి ఏడాది మళ్లీ దరఖాస్తు పెట్టాను. ఫోన్‌లో ఇంటర్వ్యూ చేసినాయన ఈ సబ్జెక్టే ఎందుకని అడిగితే, పాఠం నచ్చిందని మాత్రం చెప్పాను. సీటు వచ్చింది. అమ్మ మార్కాపురం రోడ్ స్టేషన్‌దాకా వచ్చి, సంచిలో పచ్చడి డబ్బా సర్ది, రైలు కదలకముందే వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

అనుకున్నట్టుగా ఏమీ లేదు ఇక్కడ. అంతా ఇంగ్లీషు. తెలుగులో నేర్చుకున్న పేర్లు ఒక్కటీ పనికిరాలేదు. మొదటి సెమిస్టర్‌లో కెమిస్ట్రీ తప్పి మళ్లీ రాశాను. స్టాటిస్టిక్స్‌లో మాత్రం మంచి మార్కులు వచ్చాయి. చెప్పుకోవడానికి ఎవరూ లేక ఆ కాగితాన్ని మడిచి పెట్టెలో పెట్టేశాను. ఇప్పుడు రెండో ఏడు నడుస్తోంది.

మొన్న మేడమ్ ఫోన్ చేసి, వచ్చే ఏడు రోగాల గురించి అసలు పాఠాలు మొదలవుతాయి కదా, ఆత్రంగా ఉందా అని అడిగారు. భయంగా ఉందని చెప్పాను. ఆ వసారాలో, ఆ మంచం మీద, ఏ రోజు ఆయన లోపల ఏం జరిగిందో అప్పుడు నాకు వివరంగా తెలుస్తుంది. అన్నం తిన్నావా అని మేడమ్ అడిగారు.